‘కరెక్టేనా టీచర్?’ – లెక్కల పుస్తకాలు రాసేవారికి బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీల్లో లెక్కల పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు, పరీక్షల ప్రశ్నపత్రాలూ వాటి ‘కీ’లూ తయారుచేసే ఉపాధ్యాయ మిత్రులకు,

నమస్కారం. జిల్లా పరిషత్ బళ్లలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఇప్పుడు కూడా సాయంత్రమైతే వీధిలో పిల్లలు నోటుబుక్కులు పట్టుకుని మా అరుగు మీదికి చేరతారు. ప్రభుత్వ బడి పిల్లలూ ఉంటారు, ప్రైవేటు బడి పిల్లలూ ఉంటారు. ఏ బడి పిల్లలైనా లెక్క చేయడం అవగానే తలెత్తి ఒకే మాట అడుగుతారు: “కరెక్టేనా టీచర్?”

పద్యానికి అర్థం చెప్పి అలా అడిగితే సరే. ఫలానా యుద్ధం ఎప్పుడు జరిగిందో గుర్తులేక అడిగినా సరే. లెక్కల్లో మాత్రం ఆ ప్రశ్న నాకు మింగుడుపడదు. జవాబు ఒప్పో తప్పో తేల్చుకోవడానికి కావలసిందంతా ఆ పిల్ల ముందున్న కాగితం మీదే ఉంది. నా దగ్గర అదనంగా ఉన్నదేమీ లేదు. అయినా పిల్లలు నా మొహం వంకో, పుస్తకం వెనకున్న జవాబుల పేజీ వంకో చూస్తారు. ఎందుకంటే స్టెప్పులు రాయించడం మనకు బాగా అలవాటైంది గానీ, ఆ స్టెప్పులు ఉన్నది తనను తాను సరిచూసుకోవడానికి అన్న మాట మన పుస్తకాల్లో, మన పరీక్షల్లో ఎక్కడో జారిపోయింది. స్టెప్పులకు మార్కులుంటాయి కాబట్టి రాయాలి – పిల్లలకు తెలిసిన కారణం ఇదొక్కటే. అందుకే ఈ ఉత్తరం.

మూడో తరగతి తీసివేతతో మొదలుపెడతాను. 52లోంచి 27 తీసెయ్యమంటే 35 అని రాసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. ఎర్ర సిరాతో ఇంటూ కొట్టి, పక్కన ‘అజాగ్రత్త’ అని రాసి ముందుకెళతాం. ఆ పిల్ల ఏం చేసిందో చూడండి. ఒకట్ల స్థానంలో పైన 2, కింద 7. పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలని ఒకటో తరగతిలో మనమే చెప్పాం. 7లోంచి 2 తీసి 5 వేసింది. పదుల్లో 5లోంచి 2 తీసి 3 వేసింది. ఇదే పిల్లకు 81 – 46 ఇవ్వండి, 45 అంటుంది. 74 – 38 ఇవ్వండి, 44 అంటుంది. ఏ జవాబు రాయబోతోందో మనం ముందే చెప్పగలం. ముందే చెప్పగలిగిన తప్పు అజాగ్రత్త ఎట్లా అవుతుంది? ఆ పిల్ల ఒక నియమాన్ని పట్టుకుంది, దాన్ని నిష్ఠగా పాటిస్తోంది. ఆ నియమమే తప్పు. 1978లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు పిల్లల తీసివేత జవాబుల్ని కంప్యూటర్ సాయంతో పరిశీలించి తేల్చిన విషయం కూడా దాదాపు ఇదే: చాలా తప్పుల వెనక ఒక క్రమం ఉంటుంది, దాన్ని కనిపెడితే తర్వాతి తప్పును ఊహించవచ్చు.

ఆ పిల్లకు నేను ‘తప్పు’ అని చెప్పను. తీసేసిన దాన్ని తిరిగి కలపమంటాను. 35కి 27 కలిపితే 62. మన దగ్గర మొదట ఉన్నది 52. తీసేసింది తిరిగి ఇచ్చేస్తే ఉన్నదానికంటే ఎక్కువెలా వచ్చింది? పిల్ల కనుబొమలు ముడిపడతాయి. ఆ క్షణం నుంచి ఆ తప్పు ఆమెది. నేను ఎర్ర సిరాతో కొట్టి ఉంటే అది నాదిగానే ఉండిపోయేది.

సున్నా ఉన్న తీసివేత దగ్గర మన పద్ధతి మరీ తేలిపోతుంది. 402 – 178. రెండులోంచి ఎనిమిది పోదు, పక్కింటికెళ్లి అప్పు తెచ్చుకో అంటాం. పక్కింట్లో ఉన్నది సున్నా, అక్కడ అప్పెలా పుడుతుంది? పిల్ల ఆ పైయింటికి వెళుతుంది. 4ను కొట్టేసి 3 వేస్తుంది, చివరి 2 పక్కన ఒకటి పెట్టి 12 చేస్తుంది. మధ్యనున్న సున్నా ఒకరోజు సున్నాగానే ఉండిపోతుంది, ఒకరోజు 10 అవుతుంది, ఇంకోరోజు 9 అవుతుంది. 9 ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే “సున్నా ఉంటే తొమ్మిది వెయ్యాలి టీచర్” అంటారు. ఇది చాలా కాలంగా వింటున్న జవాబు, పిల్లలు మారినా జవాబు మారలేదు.

నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతిలో పెట్టి నూట డెబ్భై ఎనిమిది ఇమ్మనండి. ఒక వంద నోటు మార్పిస్తే పది పదిరూపాయల నోట్లు వస్తాయి. వాటిలో ఒకటి మళ్లీ మార్పిస్తే పది బిళ్లలు. ఇప్పుడు చేతిలో మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు బిళ్లలు. డబ్బు అంతే ఉంది, 402. రూపం మారిందంతే. పన్నెండులోంచి ఎనిమిది పోతే నాలుగు, తొమ్మిదిలోంచి ఏడు పోతే రెండు, మూడులోంచి ఒకటి పోతే రెండు. 224. తిరిగి 178 కలపండి, 402 వస్తుంది. ఈ మొత్తంలో అసలు స్టెప్పు ఏది? ‘4 వందలు, 0 పదులు, 2 ఒకట్లు = 3 వందలు, 9 పదులు, 12 ఒకట్లు’ అన్న వరుస. నోటుబుక్కుల్లో కనిపించనిది సరిగ్గా అదే. అంకెల నెత్తిన కొట్టివేతలు, చిన్న చిన్న అంకెలు ఉంటాయి, ఆ వరుస ఉండదు. మీరు రెండో తరగతిలో పుల్లల కట్టలతో చూపిస్తారు, మూడో తరగతికొచ్చేసరికి కొట్టివేతలకు దిగుతారు. ఆ రెంటికీ మధ్య వంతెనగా ఈ వరుసను ఒక ఏడాదిపాటు రాయనివ్వండి.

సమానం గుర్తు సంగతి ఇంతకంటే ముదిరిన వ్యవహారం. బస్సులో 25 మంది ఉన్నారు. ఒక స్టేజీలో 13 మంది ఎక్కారు, తర్వాతి స్టేజీలో 8 మంది దిగారు. ఇప్పుడెంతమంది? నోటుబుక్కులో ఇలా ఉంటుంది:

25 + 13 = 38 – 8 = 30

జవాబు ముప్పయ్యే, టిక్కు కొడతాం. కానీ ఆ వరుసను ఎడమ నుంచి కుడికి ఒకసారి చదవండి. 25, 13 కలిపితే 30 అంటోంది. పిల్లల దృష్టిలో ఆ గుర్తుకు అర్థం ‘ఇక్కడ జవాబు వెయ్యి’ అని. అనుమానముంటే ఏ ఐదో తరగతిలోనైనా నల్లబల్ల మీద 8 + 4 = □ + 5 అని రాసి చూడండి. డబ్బాలో 12 పడుతుంది. కొందరు ఇంకా ఉత్సాహంగా అన్నీ కలిపేసి 17 అంటారు. 7 అనేవాళ్లు బహు తక్కువ. మన పిల్లలొక్కరికే వచ్చిన జబ్బు కాదిది. అమెరికాలో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా పిల్లలకు ఇదే ప్రశ్న వేసి 1999లో ప్రచురించిన ఫలితాల్లో ఏ వయసు జట్టులోనూ పదిశాతం మంది సరిగా చెప్పలేదు. ఐదు, ఆరు తరగతులవాళ్లు ఒకటి, రెండు తరగతులవాళ్లకంటే కూడా వెనకబడ్డారు. ఏళ్ల తరబడి సాధన చేసిన కొద్దీ తప్పు ముదిరిందంటే, సాధన చేయించిందే ఆ తప్పును అని అర్థం. ఒకటో తరగతి నుంచి మన పుస్తకాల్లో కూడా లెక్క ఎప్పుడూ ఎడమ పక్కనే, ఖాళీ ఎప్పుడూ కుడి పక్కనే. 12 = □ + 5 అనో, 9 = 9 అనో, 6 + 3 = 5 + 4 ఒప్పా తప్పా అనో ఎన్నిచోట్ల ఉన్నాయో మీరే లెక్కపెట్టండి. రాబర్ట్ రికార్డ్ అనే వెల్ష్ వైద్యుడు 1557లో ఈ గుర్తును మొదటిసారి అచ్చులో వాడినప్పుడు, రెండు సమాంతర గీతలకంటే సరిసమానమైనవి వేరే ఏముంటాయని వాటిని ఎంచుకున్నాడు. ఆ రెండు గీతలనూ మనం జవాబు వైపు చూపించే బాణంగా మార్చేశాం.

దీని ఫలితం ఆరో తరగతి, ఏడో తరగతి వచ్చాక బయటపడుతుంది. 3ఎక్స్ + 5 = 20 అని ఇస్తాం. +5 అటు వెళితే –5 అవుతుంది. ‘పక్షాంతరం చేయగా’ అని రాయాలి, ఆ మాట రాయకపోతే అరమార్కు పోతుందన్న భయం కూడా ఉంది. 3ఎక్స్ = 15 దాకా బండి సాఫీగా నడుస్తుంది. ఇప్పుడు 3 కూడా అటు వెళ్లాలి. అటు వెళితే గుర్తు మారాలి కదా. అందుకని ఒకరు ఎక్స్ = 15 – 3 = 12 అని రాస్తారు, ఇంకొకరు 3ను –3 చేసి భాగించి ఎక్స్ = –5 అని రాస్తారు. ఇద్దరూ మనం చెప్పిన మాటనే పాటించారు. అంకెలు లేచి అటూ ఇటూ నడవవన్న సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు. రెండు పక్కలా ఐదు తీసేశాం, సమానమైన వాటిలోంచి సమానంగా తీస్తే మిగిలినవీ సమానమే. రెండు పక్కలనూ మూడుతో భాగించాం, అవీ సమానమే. త్రాసు బొమ్మ వేసి ఇది చూపించే పాఠాలు లేకపోలేదు. రెండు పేజీలు తిప్పేసరికి త్రాసు మాయమవుతుంది, అభ్యాసంలో మిగిలేది పక్షాంతరమే.

ఇంకో దారి కూడా ఉంది, అది మన దగ్గరే పుట్టింది. ఆర్యభటుడు 499లోనే విలోమ పద్ధతి చెప్పాడు. చివరి నుంచి వెనక్కి నడవాలి. నడిచేటప్పుడు గుణించిన చోట భాగించాలి, భాగించిన చోట గుణించాలి, కలిపిన చోట తీసెయ్యాలి, తీసిన చోట కలపాలి. ఏదో సంఖ్యను మూడుతో గుణించి ఐదు కలిపితే ఇరవై వచ్చింది. వెనక్కి రండి: ఇరవైలోంచి ఐదు తీస్తే పదిహేను, మూడుతో భాగిస్తే ఐదు. మళ్లీ ముందుకు నడవండి: ఐదు మూళ్లు పదిహేను, ఐదు కలిపితే ఇరవై. వెళ్లిన దారినే తిరిగొచ్చి బయల్దేరిన చోటికి చేరామంటే ఎవరినీ అడగక్కర్లేదు. 12 అని రాసిన పిల్లవాణ్ని పన్నెండు పెట్టి ముందుకు నడవమనండి. మూడు పన్నెండ్లు ముప్పై ఆరు, ఐదు కలిపితే నలభై ఒకటి. ఇరవై రావలసిన చోట నలభై ఒకటి కనిపిస్తే వాడే రబ్బరు వెతుక్కుంటాడు. (రబ్బరు సంగతొచ్చింది కాబట్టి ఒక మాట. తప్పు వరుసను చెరిపించకండి. ఒక గీత కొట్టి కింద మళ్లీ రాయించండి. చెరిపేస్తే ఎక్కడ దారి తప్పిందీ నాకు తెలియదు, వాడికీ తెలియదు.)

ఇక రాత లెక్కలు. ఇక్కడ నా కోపం గైడ్ల మీద, గైడ్ల దారిలో నడిచే మన శిక్షణ తరగతుల మీద. ‘మొత్తం’ అంటే కూడిక, ‘మిగిలినవి’ అంటే తీసివేత, ‘ఒక్కొక్కరికి’ అంటే భాగహారం, ‘ఎక్కువ’ అంటే కూడిక అని ఒక పట్టిక తయారుచేసి గోడకు అంటిస్తున్నారు. ఆ పట్టిక పక్కనే నిలబెట్టి ఈ లెక్క ఇవ్వండి: రవి దగ్గర 12 గోళీలున్నాయి. సీత దగ్గర ఉన్నవాటికంటే అవి 5 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని? ‘ఎక్కువ’ కనిపించింది, కలిపేశారు, 17. సరిచూడమంటే మళ్లీ అంకెలు కూడతారు తప్ప ఆ వాక్యం దగ్గరికి వెళ్లరు. సీత దగ్గర పదిహేడుంటే పన్నెండున్న రవి దగ్గర ఎక్కువున్నట్టా, తక్కువున్నట్టా? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు, జవాబు ఏడని దానంతటదే తేలుతుంది.

ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ నగరంలో 1980 ప్రాంతంలో చిన్న తరగతుల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఉన్న అంకెలతో ఏదో ఒకటి చేసి వయసు చెప్పేశారు. నవ్వొస్తుంది గానీ, ఆ పిల్లలు తెలివితక్కువవాళ్లు కారు. లెక్కల పీరియడ్‌లో ప్రశ్న ఇచ్చారంటే జవాబు ఉండి తీరుతుందని, కనిపించిన అంకెలన్నీ వాడాలని బడి వాళ్లకు నేర్పింది. మన పుస్తకాలూ అంతే నేర్పుతున్నాయి. కూడికల పాఠం కింద ఉన్న లెక్కలన్నీ కూడికలే, ఏ లెక్కలోనూ అవసరం లేని అంకె ఒక్కటి కూడా ఉండదు. ఇక ఆలోచించాల్సిన పనేముంది?

భాగహారంలో మిగిలే శేషం మరో మంచి ఉదాహరణ. 1980ల ఆరంభంలో అమెరికా జాతీయ పరీక్షలో 13 ఏళ్ల పిల్లలను ఇలా అడిగారు: ఒక సైనిక బస్సులో 36 మంది పడతారు, 1,128 మందిని తీసుకెళ్లాలి, ఎన్ని బస్సులు కావాలి? భాగహారం సరిగా చేసినవాళ్లు దాదాపు 70 శాతం. సరైన జవాబు 32 రాసినవాళ్లు 23 శాతం. 29 శాతం మంది ‘31 బస్సులు, శేషం 12’ అని రాశారు. శేషం అంటే రోడ్డు మీద నిలబడి ఉన్న పన్నెండు మంది మనుషులని వాళ్లకు తట్టలేదు. అదే 1,128 రూపాయలకు 36 రూపాయల పుస్తకాలు కొంటే జవాబు 31, పన్నెండు రూపాయలు జేబులో మిగులుతాయి. అదే 1,128 సెంటీమీటర్ల తాడును 36 సమాన ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 31 సెంటీమీటర్ల పైన ఇంకో మూడో వంతు. భాగహారం ఒకటే, జవాబులు మూడు. ఈ మూడూ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టండి. ఇరవై భాగహారాల అభ్యాసం నేర్పలేనిది ఆ పేజీ నేర్పుతుంది.

ఇదంతా పై తరగతుల ముచ్చట, ముందు పిల్లలకు భాగహారం రానివ్వండి అంటారేమో. ఆ మాటలో నిజముంది. పల్లె పిల్లల చదువు స్థాయిని సర్వే చేసే అసర్ నివేదికల ప్రకారం గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 2018లో 27.9 శాతం, 2022లో 25.6 శాతం, 2024లో 30.7 శాతం. ఎనిమిదో తరగతిలో కూడా 2024లో 45.8 శాతమే. సగానికి పైగా పిల్లలు భాగహారం రాకుండానే హైస్కూలు గడప తొక్కుతున్నారు, అక్కడ మనం వాళ్లకు బీజగణితం చెబుతున్నాం.

భాగహారం రాదంటే ఏం రాదో కూడా చూడాలి. 618 ÷ 6 తీసుకోండి. ఆరొకట్ల ఆరు, ఒకటి దించు, ఆరు పోదు, ఎనిమిది కూడా దించు, ఆరు మూళ్లు పద్దెనిమిది. జవాబు 13. పోనప్పుడు సున్నా వెయ్యాలన్నది పిల్ల మర్చిపోయింది. మనం ఇంకో పాతిక లెక్కలిస్తాం, సున్నా వెయ్యమని అరుస్తాం. లెక్క మొదలుపెట్టకముందే ఒక్క క్షణం ఆగి, ఆరు వందలను ఆరుగురికి పంచితే తలా వంద కదా అనుకుని ఉంటే, 13 దగ్గర తనే ఆగేది. పదమూడార్లు డెబ్భై ఎనిమిది, ఆరు వందల పద్దెనిమిది ఎక్కడ, డెబ్భై ఎనిమిది ఎక్కడ? ఈ ‘సుమారుగా ఎంత’ అన్నదాన్ని మీరు ఉజ్జాయింపు అని ఒక ప్రత్యేక అధ్యాయంగా పెట్టారు. ఆ అధ్యాయం అయిపోగానే అది అక్కడే ఆగిపోయింది. ప్రతి లెక్కకూ మొదటి వరుసగా ఉండాల్సింది అది.

భిన్నాల్లోనూ ఇదే తంతు. 1/2 + 1/3 ఇస్తే పైవి పైవి, కిందవి కిందవి కలిపి 2/5 అంటారు. క.సా.గు. తీసే పద్ధతి మొత్తం మళ్లీ చెప్పేముందు ఒక్కటి అడగండి. సగానికి ఇంకొంత కలిపితే సగంకంటే తక్కువ వస్తుందా? 2/5 సగంకంటే తక్కువ. జవాబు 5/6 అని చెప్పడానికి క.సా.గు. కావాలి. 2/5 తప్పని చెప్పడానికి ఏ పద్ధతీ అక్కర్లేదు.

బోడ్‌మాస్ (ఏ లెక్క ముందు, ఏది తర్వాత అని గుర్తుపెట్టుకునే ఇంగ్లిషు అక్షరాల సూత్రం) గురించి కూడా ఒక ఫిర్యాదు. ‘ఏ’ (కూడిక) ముందు, ‘ఎస్’ (తీసివేత) తర్వాత అని బట్టీ పట్టిస్తే 18 – 6 + 2 ఎంత అంటే ముందు ఆరూ రెండూ కలిపి, ఎనిమిది తీసేసి, 10 అంటారు. జేబులో పద్దెనిమిదున్నాయి, ఆరు ఖర్చయ్యాయి, రెండొచ్చాయి. పద్నాలుగు. కూడిక, తీసివేత ఒకే మెట్టు మీదున్నవి, ఎడమ నుంచి వరుసగా చేసుకుంటూ పోవాలి. గుణకార భాగహారాలూ అంతే: 24 ÷ 4 × 2 అంటే 12. ఆ ఆరక్షరాల మంత్రాన్ని పుస్తకంలోంచి తీసేసినా నాకు బెంగలేదు.

నన్ను ఎక్కాలు వద్దనే బ్యాచిలో కలిపెయ్యకండి. ఇరవయ్యో ఎక్కం దాకా నోటికి రావాల్సిందే అన్నది నా మాట. ఏడెనిమిదులెంతో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్న పిల్లకు, తను చేస్తున్న లెక్క ఎటు పోతోందో చూసుకునే తీరిక ఎక్కడుంటుంది? బట్టీ పట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. కారణాలను మాత్రం బట్టీ పట్టలేం.

రెండు భాషల పుస్తకాలు ఇస్తున్నారు, ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు. మంచి పనే. కానీ క్లాసులో పిల్ల ఇంగ్లిషు పేజీలో ‘మోర్’ అన్న మాట చూసి ప్లస్ పెడుతోంది, ఎదురుగా ఉన్న తెలుగు వాక్యం చదవడం లేదు. చదివినా, ఎందుకలా చేశావంటే ఇంగ్లిషులో చెప్పాలేమోనని నోరు విప్పడం లేదు. కారణం మాత్రం ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పనివ్వండి, రాయనివ్వండి, ఇంగ్లిషు మీడియం పరీక్షలో అయినా సరే. సంస్కృతంలో ఉన్న మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన అనే కవి శతాబ్దాల కిందటే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో లెక్క చెప్పుకోవడానికి మనం ఇప్పుడు మొహమాటపడటమేమిటి?

ఈ ఉత్తరం ఇప్పుడే రాయడానికి ఫోన్లు కూడా ఒక కారణం. లెక్కను ఫొటో తీస్తే స్టెప్పులన్నీ వరుసగా చూపించే యాప్‌లు పిల్లల చేతుల్లోకి వచ్చేశాయి. హోంవర్కు నోటుబుక్కులు అచ్చంగా ‘కీ’ లాగా మెరిసిపోతున్నాయి. మూడో వరుస నుంచి నాలుగో వరుసకు ఎలా వచ్చావని వేలు పెట్టి అడిగితే సమాధానం లేదు. స్టెప్పులు ఉన్నాయా లేవా అని చూసి మార్కులేసే పద్ధతికి ఇక కాలం చెల్లింది. ఆ వరుసల్లో ఏదో ఒకదాని మీద వేలు పెట్టి అడిగే పరీక్ష కావాలి.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. ఒకే టీచరు ఐదు తరగతులు చూసే బళ్లున్నాయి. సిలబస్ పూర్తి చేయాలన్న తొందర ఉంది. దిద్దాల్సిన పేపర్ల కట్టలున్నాయి. అందుకే కొత్త శిక్షణ కార్యక్రమమో, కొత్త రిజిస్టరో, కొత్త యాప్‌లో అప్‌లోడ్ చేయాల్సిన మరో ఫొటోనో అడగడం లేదు. పుస్తకంలో సాధించి చూపించే ప్రతి లెక్క కింద ‘సరిచూద్దాం’ అని రెండు వరుసలు వెయ్యండి, కాగితం పెద్దగా పెరగదు. ప్రతి పాఠానికి ఒక్కటైనా తప్పుగా చేసిన లెక్కను అచ్చువేసి, తప్పు ఏ వరుసలో ఉందో పట్టుకోమనండి. చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదువుకోవడం అయ్యాక ఒక అరగంట మిగిలితే, అందరూ తమ తరగతిలోంచి ఒక తప్పు జవాబు తెచ్చి, ఆ పిల్ల ఎలా ఆలోచించి ఉంటుందో చెప్పుకోండి. పేపర్లు దిద్దేటప్పుడు మన పద్ధతిలో కాకుండా వేరే దారిలో సరైన జవాబుకు చేరిన పిల్లకు పూర్తి మార్కులు వెయ్యమని ‘కీ’ మొదటి పేజీలోనే స్పష్టంగా రాయండి. ఏకవస్తు పద్ధతిలో (ముందు ఒకదాని విలువ కనుక్కుని) చేయమంటే నోటితో చేసిందని సున్నా వేసిన పేపర్లు నేను చూశాను.

పరీక్షలో ఏది అడిగితే క్లాసులో అదే చెబుతారన్నది మనందరికీ తెలిసిన రహస్యం. కాబట్టి పని అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. వచ్చే ఎఫ్ఏ (నిర్మాణాత్మక మూల్యాంకన) పరీక్షలో ఏడో తరగతికి ఈ ప్రశ్న పెట్టి చూడండి, నాలుగు మార్కులు:

లత ఒక చీరను ప్రకటన వెల మీద 20 శాతం తగ్గింపుతో 960 రూపాయలకు కొన్నది. ప్రకటన వెల ఎంత? రాజు ఇలా చేశాడు: 960లో 20 శాతం 192. 960 + 192 = 1,152. కాబట్టి ప్రకటన వెల 1,152 రూపాయలు. రాజు జవాబు సరైనదో కాదో లెక్క చేసి చూపించు. తప్పయితే ఏ వరుసలో, ఎందుకో నీ మాటల్లో రాయి. సరైన జవాబు కనుక్కో.

‘కీ’ కూడా నేనే రాసిస్తాను. 1,152లో 20 శాతం 230 రూపాయల 40 పైసలు, అది తీసేస్తే మిగిలేది 921 రూపాయల 60 పైసలు, లత ఇచ్చింది 960, కాబట్టి రాజు జవాబు కుదరదు అని చూపిస్తే రెండు మార్కులు. తప్పు మొదటి వరుసలోనే ఉంది, తగ్గింపు ఇచ్చింది ప్రకటన వెల మీద, రాజు లెక్కగట్టింది కొన్న ధర మీద అన్న అర్థం ఏ మాటల్లో వచ్చినా ఒక మార్కు. అక్షరదోషాలకు కోత లేదు. 80 శాతం 960 అయితే ఒక శాతం 12, నూరు శాతం 1,200 అని గానీ, మరే దారిలో గానీ 1,200కు చేరితే ఇంకో మార్కు.

ఇట్లు,
లెక్కలు చెప్పి రిటైరైన ఒక జిల్లా పరిషత్ టీచర్